మెత్తబంతి

రంపం ఆగగానే గుండుమాస్టారు బంతి రెండు చెక్కలనూ పక్కనున్న తొట్టిలోకి తోశాడు. పొద్దుటినుంచీ ఇదే పని. నున్నటి చెక్కనేలమీద దొర్లించి సీసాల్లాంటి పిన్నులను పడగొట్టే బౌలింగ్ ఆటలో పనికిరావని తేల్చిన బంతులు మళ్లీ ఎవరి చేతికీ చిక్కకుండా రెండుగా కోయాలి, తెచ్చినవాళ్లకు కొత్తవి ఇవ్వాలి. గుండ్లు పోతపోస్తూనే తలమీద జుట్టంతా రాలిపోయింది గనక ఆ పేరు ఆయనకు రెండు విధాలా నప్పింది.

"మీ కంపెనీ ఎంత మంచిదండీ! అడగ్గానే కొత్తవి ఇచ్చేస్తోందట," అంది పొద్దున భార్య, డబ్బా మూత బిగిస్తూ. పక్కింటావిడకు కూడా గొప్పగా చెప్పుకుందట. ఆయన తలదించుకుని చెప్పులు వెతుక్కున్నాడు. అవి కాళ్లకే ఉన్నాయి.

పైపొర మెత్తగా ఉంటే బంతి నేలను పట్టుకుని తిరుగుతుంది, పిన్నులు ఎక్కువ పడతాయి. అందుకే మెత్తదనానికి ఒక హద్దు పెట్టారు. కిందటేడాది పోతలో ఆ హద్దు దాటిందని అందరికంటే ముందు తెలిసింది ఆయనకే. పోతంతా పారేయమంటారన్న భయంతో బంతులను చల్లటి గోదాములో ఉంచి, గట్టిపడ్డాక కొలిచాడు. కొలిచే పరికరంలో ముల్లు హద్దులోపలే బుద్ధిగా నిలబడింది. సరుకు బయటికి వెళ్లింది. ఆటల సంఘంవాళ్లు మామూలు గదిలో కొలిచేసరికి గుట్టు రట్టయింది.

"ఎవరడిగినా రూల్ మారిందని చెప్పండి," అన్నాడు మేనేజరు. ఆ మాట చెప్పీచెప్పీ గుండుమాస్టారి నాలుక అరిగిపోయింది.

మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. తువ్వాలులో చుట్టిన బంతిని బల్లమీద పెట్టి, చేయి మాత్రం తీయలేదు.

"దీంతోనే కప్పు గెలిచానండి. ఇప్పుడు డిపోలో అందరూ నన్ను మెత్తబంతి అంటున్నారు. మా ఆవిడ కప్పు తీసి బీరువాలో దాచేసింది. నిజం చెప్పండి. రూల్ మారిందా, బంతిలోనే తప్పుందా?"

"రూల్ మారిందండి."

డ్రైవరు ముఖం విప్పారింది. "నేనూ అదే అన్నాను, ఒక్కడైనా వింటేగా!" అంటూ ఆయన చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు.

కొత్త బంతికి వేళ్లు దూర్చే రంధ్రాలు వేయడానికి డ్రైవరు చేతినే కొలవాల్సి వచ్చింది. స్టీరింగు తిప్పీతిప్పీ బొటనవేలి మొదట్లో కాయ కాచింది. దానికి ఒరుసుకోకుండా గుండుమాస్టారు రంధ్రం అంచును గరుకుకాగితంతో రుద్దసాగాడు. ఈమధ్య ఏ బంతినీ ఇంత శ్రద్ధగా ముట్టుకోలేదు. ఎదుట కూర్చున్న డ్రైవరు భార్యకు ఫోన్ చేశాడు.

"కంపెనీవాళ్లే చెప్పారే! పెద్దాయన. అబద్ధమాడే మనిషిలా లేడు."

గరుకుకాగితం ఆగిపోయింది.

"బాబూ," అన్నాడు గుండుమాస్టారు, ఫోన్ పెట్టేశాక. "రూల్ మారలేదు. బంతే తప్పు. చేసింది నేనే."

"తెలియక చేశారా?"

"తెలిసే."

డ్రైవరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "ఈ మాట మా డిపోకొచ్చి నలుగురి ముందూ చెబుతారా?"

గుండుమాస్టారు నోరు తెరిచాడు. మేనేజరు, భార్య, పక్కింటావిడ వరసగా కళ్లముందు నిలబడ్డారు. నోరు మూసుకున్నాడు.

"పోనీలెండి," అన్నాడు డ్రైవరు. తువ్వాలు దులిపి, మడిచి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పాత బంతినీ వదిలేశాడు, కొత్తదాని కోసమూ ఆగలేదు.

సాయంత్రం దీపాలు ఆర్పేటప్పటికి కొత్త బంతి బల్లమీదే ఉంది. బొటనవేలి రంధ్రం అంచు ఒకపక్క నున్నగా, రెండోపక్క ఇంకా గరుకుగానే ఉంది.