పుట్టిల్లు రాయని కోడలు

సాయంత్రం ఏడున్నరకి ఎపిసోడ్ అయిపోయి ప్రకటనలు మొదలవగానే సీరియల్ వాళ్ళు రచయిత ఇంట్లో టీవీలోంచి దిగేవాళ్ళు. ఎవరి కాలూ జారకుండా రచయిత భార్య టీవీ ముందు స్టూలు వేసి ఉంచేది. మామగారి పాత్రకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆయనకి చెయ్యి కూడా అందించేది. మర్నాడు ఎవరేం చెయ్యాలో, ఏం మాట్లాడాలో రచయిత చదివితే విని, టీ తాగి, వచ్చిన దారినే ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఇందులో పక్కింటివాళ్ళకి ఉన్న అభ్యంతరం ఒక్కటే. సీరియల్ వాళ్ళు చక్కెర అడగాలన్నా తల మూడుసార్లు తిప్పి, గట్టిగా అడుగుతారని.

రచయిత ఎవరి దగ్గరా రాయడం నేర్చుకోలేదు. చూసేవాళ్ళకి ఆ సంగతి మొదటి వారంలోనే అర్థమైపోయింది. అంతకుముందు మందుల షాపులో పనిచేసేవాడు. ఆ అలవాటు చొప్పున సీరియల్లో కూడా ఏడుపు భోజనానికి ముందొకటి, తర్వాతొకటి ఇచ్చేవాడు.

కథంతా ఇద్దరు తోడికోడళ్ళ మీద నడిచేది. పెద్దకోడలు ఇంటి తాళాలు నడుముకి కట్టుకుని మేడ మీంచి కిందికి చూస్తుంది. చిన్నకోడలు వంటింట్లోంచి పైకి చూస్తుంది. మిగతాది కన్నీళ్ళు. రచయిత ఇంటికొచ్చినా వాళ్ళిద్దరూ ఒక గదిలో కూర్చునేవాళ్ళు కాదు. పెద్దకోడలు హాల్లో పడకకుర్చీలోనూ, చిన్నకోడలు వంటింట్లో రచయిత భార్య పక్కనా. ఎవరి మాటలు వాళ్ళకి చదవడానికి రచయిత రెండు గదుల మధ్యా తిరుగుతూ ఉండేవాడు.

పెద్దకోడలికి ఇంకో అలవాటుంది. మనసులో మాట పైకి అనేస్తుంది. అది ఆమె తప్పు కాదు. మనసులో ఏముందో పైకి అనిపించకుండా చూపించడం రచయితకి చేతకాదు, అంతే. అందుకని ఆమె చిన్నకోడలి పక్కనే నిలబడి, కాస్త పక్కకి తిరిగి, వీధి చివరిదాకా వినబడేలా "నీ పని చెప్తానుండు" అనేది. సీరియల్లో పక్కకి తిరిగి అన్న మాట పక్కనున్నవాళ్ళకి వినబడదు. అది అక్కడి పద్ధతి. చిన్నకోడలు ఆ పద్ధతి ప్రకారం ఏమీ విననట్టు కూరలు తరుక్కునేది.

ఇలా ఉండగా ఛానెల్ ఆయన ఫోన్ చేశాడు. జనానికి పెద్దకోడలు మొహం మొత్తింది, శుక్రవారానికి తీసెయ్యమన్నాడు. ఎలా సార్ అని రచయిత నసిగితే, ఇంట్లో అన్ని మెట్లు కట్టించింది దేనికయ్యా అన్నాడు. మెట్ల మీద నూనె ఒలుకుతుంది, పెద్దకోడలు జారుతుంది, చిన్నకోడలు పట్టుకోడానికి ఒక అడుగు వెయ్యబోయి ఆగిపోతుంది. అక్కడ మ్యూజిక్. ఇది రాయలేనంటే రాసేవాళ్ళు చాలామంది ఉన్నారని కూడా మర్యాదగా గుర్తు చేశాడు.

రచయిత రాసేశాడు. చెప్పడమే చేతకాలేదు. రెండు రోజులు పెద్దకోడలికి మిగతావాళ్ళకంటే ఎక్కువ బిస్కెట్లు పెట్టి ఊరుకున్నాడు.

"రాయడానికి అడ్డంరాని మొహమాటం చెప్పడానికొచ్చిందా?" అంది భార్య.

చివరికి బుధవారం చెప్పాడు. ఆమె అరుస్తుందని, కనీసం కళ్ళయినా పెద్దవి చేస్తుందని అనుకున్నాడు. ఆమె ఆ పని మీదే బతికిన మనిషి. కానీ శుక్రవారం ఏ బట్టలు వేసుకోవాలని మాత్రం అడిగింది.

గురువారం హాలుకి రంగు వేసేవాళ్ళు వచ్చారు. కుర్చీలన్నిటి మీదా పాత దుప్పట్లు కప్పి, టీవీని వంటింట్లో బల్ల మీద పెట్టారు. దాంతో ఆ సాయంత్రం అందరూ వంటింట్లోకే దిగాల్సి వచ్చింది. మగవాళ్ళు, అత్తగారు టీలు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. పెద్దకోడలు ఫ్రిజ్ దగ్గర, చిన్నకోడలు స్టవ్ దగ్గర నిలబడ్డారు. మధ్యలో రచయిత, అతని భార్య.

పెద్దకోడలు అలవాటు ప్రకారం ఫ్రిజ్ వైపు తిరిగి మనసులో అనుకుంది.

"పారిపోదామంటే ఎక్కడికి? అందరికీ పుట్టిల్లని ఒకటుంటుంది. నన్ను మొదటిరోజే తెచ్చి మేడమెట్ల మీద నిలబెట్టాడీయన. అమ్మ లేదు, నాన్న లేడు, ఊరు లేదు. ఇంట్లోంచి పొమ్మంటే వెళ్ళి నిలబడ్డానికి నాకో గుమ్మం లేదు. అందుకే గదా, ఈ తాళాలు ఇన్నాళ్ళూ ఒక్కరికీ ఇవ్వంది."

కానీ ఆ వంటిల్లు సీరియల్ కాదు. అక్కడ ఆ పద్ధతి నడవదు. చిన్నకోడలి చేతిలో చెంచా ఆగిపోయింది.

"అక్కా, ఏంటన్నావ్?"

పెద్దకోడలు ఉలిక్కిపడింది. "నీకెలా వినబడింది? అది మనసులో అనుకున్నానే."

"మనసులో అంత గట్టిగా అనుకుంటే ఎలా అక్కా," అని, చిన్నకోడలు రచయిత వైపు తిరిగింది. "నిజంగానే ఈమెకి పుట్టిల్లు రాయలేదా?"

"మర్చిపోయాను," అన్నాడు రచయిత.

"నాకు అమ్మని రాశారు. ఇద్దరన్నయ్యల్ని రాశారు. వాకిట్లో కుక్కని కూడా రాశారు."

"కుక్కని ఛానెల్ వాళ్ళు అడిగారమ్మా."

ఈమె పుట్టిల్లు ఎవరూ అడగలేదని అతను అనలేదు. అనక్కర్లేకపోయింది. భార్య అతని చేతిలోంచి టీ కప్పు తీసేసుకుంది. అది ఆ ఇంట్లో చాలా పెద్ద తిట్టు.

పెద్దకోడలికి ఈ జాలి నచ్చలేదు. నా ఉంగరం నేనే దాచి, దొంగతనం నీ మీద వేశానంది. తెలుసంది చిన్నకోడలు. నీ పాలల్లో ఉప్పు కలిపానంది. అదీ తెలుసంది.

"ఎలా తెలుసు?"

"ప్రతి సోమవారం 'గతవారం జరిగింది' అని మొత్తం చూపిస్తారుగా."

రచయిత నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

"నేను క్షమించానని అనుకోకు," అంది చిన్నకోడలు. "ఆ ఉప్పూ ఉంగరమూ సరే, కొట్టుగదిలో పెట్టి తాళమేశావు చూడు, అది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. కానీ నువ్వు పడుతుంటే చూస్తూ నిలబడ్డం నావల్ల కాదు."

"నిలబడకపోతే పాపం ఈయన ఉద్యోగం పోతుందే," అంది పెద్దకోడలు. అప్పుడు అందరూ రచయిత వైపు చూశారు.

భార్యే మాట్లాడింది. "ఈయనకి ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. మీకు ఇంకో మెడ దొరకదు కదండీ."

రచయిత గొంతు సవరించుకుని, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివాడు. చిన్నకోడలు ఒక అడుగు వెయ్యబోయి ఆగిపోవాలి. అది వినగానే చిన్నకోడలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పక్కకి తిరిగి, మనసులో మాట పైకి అంది.

"ఆగితే కదా."

అందరికీ స్పష్టంగా వినబడింది. సీరియల్ పద్ధతి ప్రకారం ఎవరూ విననట్టే ఉన్నారు. రచయిత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం రచయిత, భార్య టీవీ ముందు కూర్చున్నారు. నూనె ఒలికింది. పెద్దకోడలు మేడ మీంచి దిగడం మొదలుపెట్టింది. ఏ మెట్టు మీద జారాలో ఆమెకి తెలుసు. అయినా పారిపోకుండా, గోడ పట్టుకోకుండా దాని దాకా వచ్చింది. కాలు జారింది. చిన్నకోడలు ఒక అడుగు వేసింది. ఆగలేదు. రెండోది వేసి, మణికట్టు దొరకబుచ్చుకుని, ఇద్దరూ కలిసి నూనెలో చతికిలబడి కింది దాకా జారారు. ఎవరూ పోకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక మ్యూజిక్ మధ్యలో ఆగిపోయింది. అత్తగారు మాత్రం తనకి రాసిచ్చిన శోకాలు ఎందుకు వదులుకోవాలని మొత్తం పెట్టేసింది.

జారినప్పుడు తాళాలగుత్తి ఊడి ఎటో పడింది. పెద్దకోడలు దాని కోసం వెతకబోయింది.

"వదిలెయ్ అక్కా. మా అమ్మవాళ్ళ తలుపుకి తాళం వెయ్యరు."

ఇద్దరూ బట్టలకి నూనెతోనే వీధి గుమ్మం దాటారు. ఆ సీరియల్లో వీధి కనిపించడం అదే మొదలు.

ఆ సాయంత్రం టీవీలోంచి ఎవరూ దిగలేదు. ఫోన్ మాత్రం మోగింది. రచయిత దాన్ని కాసేపు చూసి, మందుల షాపు యజమానిని ఎలా బతిమాలుకోవాలో మనసులో ఒకసారి అనుకుని, ఎత్తాడు. ఛానెల్ ఆయన గొంతు అలిసిపోయి ఉంది. ఎపిసోడ్ అయిన దగ్గర్నుంచీ ఆఫీసుకి ఎన్ని ఫోన్లో లెక్క లేదట. తిట్టినవాళ్ళు లేరట. అందరూ అడిగింది ఒకటేనట, పెద్దామె క్షేమంగా చేరిందా అని.

"చేరిందా?" అన్నాడాయన. "మా ఆవిడ కూడా అడుగుతోంది."

మర్నాడు రచయిత పొద్దున్నుంచీ కూర్చుని ఒక ఇల్లు రాశాడు. ఎండ పడే గది, కిటికీ పక్కన మంచం, వాకిట్లో చిన్నకోడలి కుక్క, ఏమీ అడగని తల్లి. వినడానికి ఎవరూ దిగి రాలేదు కాబట్టి టీవీకి దగ్గరగా వెళ్ళి మెల్లగా చదివాడు. పెద్దకోడలికి మాటలేవీ రాయలేదు. మనసులో మాటలు కూడా.

ఆ ఎపిసోడ్‌లో మధ్యాహ్నం పెద్దకోడలు మంచమెక్కి నిద్రపోయింది. ఆమె నిద్రపోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మిగతావాళ్ళు పడుకుంటే ఈమె వరండాల్లో పన్నాగాలతో తిరగాల్సి వచ్చేది కదా. చిన్నకోడలు గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతూ, కుక్క మొరగబోతే వేలు చూపించింది. అరగంటా ఇంతే.

రచయిత భార్య రిమోట్ తీసి సౌండ్ తగ్గించింది. పక్కింట్లోనూ తగ్గింది. ఎదురింట్లో, ఆ పైన వాటాలో, వీధి చివరి ఇస్త్రీ కొట్లో కూడా. తర్వాత ప్రకటనలు వచ్చాయి. అవి కూడా మెల్లగానే మాట్లాడాయి.