నయమైపోయిందన్న బిడ్డ

ఆదివారం ఆరాధన ముగించుకొచ్చి, విడవలూరులో సుశీల్ కుమార్ ఇంట్లో బంధువులంతా భోంచేసి కూర్చున్నారు. చాప మీద అతని ఐదేళ్ల కూతురు కెజియా నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గురక వీధి గుమ్మం దాకా వినిపిస్తోంది.

"మా మనవరాలుంటే రొయ్యల చెరువులో గడగడమని నీళ్లు చిలికే ఏరేటరే అక్కర్లేదబ్బా!" అంది నాయనమ్మ ప్రమీలమ్మ. ఇల్లంతా గొల్లుమంది.

తల్లి అబిగయీలు నవ్వలేదు. ఆ గురక మధ్యలో ఠక్కున ఆగుతుంది. ఛాతీ ఎగిరిపడుతుంది గానీ ఊపిరి రాదు. ఆగినప్పుడల్లా తల్లి ఊపిరీ ఆగేది.

నెల్లూరు డాక్టరమ్మ వేసవికి ముందే చెప్పింది. "ముక్కు వెనకాల అడినాయిడ్స్ అనే కండ పెరిగింది. అందరు పిల్లలకూ కోత అవసరం లేదు. చాలామందికి మందులతోనో, వయసుతోనో సర్దుకుంటుంది. మీ పాపకు మందులు వాడి చూశాం, తగ్గలేదు. నిద్రలో ఊపిరి ఆగుతోంది, చెవుల్లో నీరు చేరింది. తీసేయడమే మంచిది."

సుశీల్ సరేనన్నాడు. ఇంతలో ఎండలు ముదిరి, జలుబు తగ్గి, గురక కాస్త నెమ్మదించింది. అంతే! కత్తి పడకుండానే దేవుడు నా బిడ్డను బాగు చేసినాడని సంఘంలో లేచి సాక్ష్యం చెప్పేశాడు. మందిరమంతా ఆమెన్ అంది. ముక్కు సంగతి కాస్తా మొక్కు సంగతయింది.

ఇప్పుడు వానలు పడ్డాయి, గురక తిరిగొచ్చింది.

బంధువులు వెళ్లాక అబిగయీలు అడిగింది. "ఏమయ్యా, ఆస్పత్రికి పోదాం పా."

"నయమైపోయిందని మైకులో చెప్పినాను గదా! ఇప్పుడు కోయిస్తే సంఘంలో తలెట్ట ఎత్తుకునేది?"

"నీ తల ఎత్తడానికి బిడ్డ గొంతు నొక్కుతావా?"

"నోరు మూసుకోమ్మే!"

ఆ ఇంట్లో నోరు మూస్తే ఊపిరాడనిది కెజియాకు. మూసుకున్నది అబిగయీలు.

బడిలో మెర్లిన్ టీచరు పిలిస్తే కెజియా పలికేది కాదు. పొగరనుకుని గోడవైపు నిలబెట్టిందామె. చెవిలో నీరున్న సంగతి టీచరుకు తెలియదు. తెలిసినవాళ్లు ఆమె చెవిన వేయలేదు. అయ్యలారా, అమ్మలారా, ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. దుర్మార్గులుంటే ఎదిరించడం ఇంతకన్నా తేలిక.

క్రిస్మస్ దాటాక చెవిపోటుతో పాప గుక్కపట్టి ఏడిస్తే అప్పుడు పరుగెత్తారు. ఆపరేషన్ అయింది. ఊపిరి హాయిగా ఆడుతోంది. కానీ ఎడమ కర్ణభేరి లోపలికి పీక్కుపోయిందనీ, ఆ వైపు వినికిడి పూర్తిగా తిరిగి రాకపోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది.

చూడవచ్చిన పాస్టరు హెబ్రోను గారు ఆలస్యం ఎందుకయిందో విని నివ్వెరపోయారు. "ప్రార్థన చేసినాను గానీ, ఆపరేషన్ వద్దని నేనెప్పుడన్నా అన్నానా అబ్బయ్యా?"

"వద్దనలేదయ్యగారూ," అన్నాడు సుశీల్ తల వంచుకుని. "ఆమెన్ అన్నారు."

ఆయన పాప పక్కన కూర్చున్నారు. "నిజమే. డాక్టరేమన్నదని ఒక్క మాట అడక్కుండా అన్నాను."

అప్పుడు అబిగయీలు నోరు విప్పింది. "నలుగురిలో అన్న మాట తప్పయితే మళ్లా నలుగురిలోనే దిద్దుకోవచ్చు, అయ్యగారూ. బిడ్డ చెవిని యాడ దిద్దుకునేది? కోత కావాలో వద్దో డాక్టరు చెప్పాల, బిడ్డ ఊపిరి చెప్పాల. మన పరువు కాదు."