కినుయో చూపుడువేలు

పొద్దున్నే అందరితో కలిసి రేడియోలో వచ్చే పాటకి కసరత్తు చేశాక, కినుయో తెల్ల దుస్తులూ ముసుగూ తొడుక్కుని తనిఖీ బల్ల ముందు కూర్చునేది. ఒక్కో డిస్కునీ దీపం కింద వంచి చూసి, గీతా మచ్చా లేవని తేలాక వేలు చాచి "బాగుంది!" అని పైకి అనేది. ఒకయామాలోని ఆ డిస్కుల ఫ్యాక్టరీలో ఎవరి పనైనా అలా వేలు చూపించి పైకి చెప్పాకే పూర్తయినట్టు. కినుయో బాగుందన్నది మాత్రం నూరేళ్లు చెడదు. అందుకే ఊళ్లోవాళ్లు ఆ మాట అనిపించుకోవడానికి గొడుగులూ గడియారాలూ పట్టుకొచ్చేవాళ్లు. దర్జీ కత్తెర మీద ఆవగింజంత తుప్పు కనబడితే వెనక్కి పంపేసింది. ఆవిడ దగ్గర మొహమాటాలు చెల్లవు మరి.

కంప్యూటర్లో చెరిపి మళ్లీ రాసుకునే ఆ డిస్కుల మీద మెరిసే పొర పరిచే యంత్రం ఆవిడ మొగుడు తొకుజీది. ఇన్నేళ్లలో ఆయన సరుకు ఒక్కటీ కినుయో బల్ల నుంచి వెనక్కి రాలేదు. అది చెప్పుకోవడానికి ఊళ్లో మనిషి దొరికితే చాలు, ఆయన వదిలేవాడు కాదు. గుండె కవాటం కారుతోందనీ, వయసు ఆపరేషన్‌కి ఒప్పదనీ, వచ్చే చలికాలం దాటడం కష్టమనీ డాక్టరు చెప్పినా ఆ గొప్పలు తగ్గలేదు.

"నాకూ ఒకసారి వేలు చూపించరాదూ?" అన్నాడు ఒకరోజు, అన్నం తింటూ.

"లోపమున్న సరుకుని బాగుందంటే ఇక నా మాటకి విలువేముంటుందండీ?" అని, వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చింది.

డిస్కులు కొనేవాళ్లు తగ్గారు. ఆ రకం తయారీ ఆపేశారు. ఆఖరి డిస్కు తనిఖీకి అందరూ వచ్చి దూరంగా నిలబడ్డారు. తనిఖీ చేసేవాళ్ల వెనక ఎవరూ నిలబడకూడదు, నీడ అద్దంలోలా డిస్కులో పడుతుంది. తన ఆఖరి డిస్కుని చూడాలన్న ఆత్రంలో తొకుజీ ఆ నియమం మరిచిపోయి సరిగ్గా అక్కడే నిలబడ్డాడు.

కినుయో డిస్కు వంచింది. గీత లేదు, మచ్చ లేదు. ఆ మెరుపులో ముసుగు పైన రెండు కళ్లు, గర్వంతో తడిసి ఉన్నాయి. ఎవరివో ఆవిడకి తెలుసు. తప్పుకోమంటే తప్పుకునేవాడే. అనలేదు. ఏ డిస్కునీ చూడనంత సేపు చూసింది. తర్వాత వేలు చాచి, హాలంతా వినబడేలా అంది:

"బాగుంది!"

ఇది పదేళ్ల కిందటి సంగతి. ఆ డాక్టరు రిటైరైపోయాడు. తొకుజీ ఇప్పటికీ ముల్లంగి పచ్చడిలో ఉప్పెక్కువైందని సణుగుతూనే ఉన్నాడు. లోపమున్న సరుకుని ఎలా పాస్ చేశావే అని ఏడిపిస్తే, కినుయో తలెత్తకుండానే జవాబిస్తుంది.

"చూసే అన్నాను. నాకెక్కడా లోపం కనబడలేదు."