పక్క పీట

"చేపలు తోమెయ్యి గానీ, దీపం గూటి వైపు రాకు," అంది అత్తగారు.

నూకరత్నం పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని పండుగొప్ప పొలుసు గీస్తోంది. పొలుసు ఎగిరి చెంపలకి అంటుకుంటోంది. ఒళ్ళు మండిపోయింది. ఈ చేతులు చేపకి పనికొస్తాయి, మొగుడి చొక్కాలకి పనికొస్తాయి, అత్తగారి మోకాళ్ళకి నూనె రాయడానికీ పనికొస్తాయి. ఒత్తి వెలిగించడానికి మాత్రం మైల.

గర్భసంచిలో కాయిల్ వేయించుకున్న దగ్గర్నుంచీ ఇదే వరస. అంతకుముందు ఒంట్లో ఎవరో పొయ్యి రాజేసినట్టుండేది. ఉన్నట్టుండి మెడ మీంచి ఆవిర్లు, చెమట, ఊరికే ఏడుపు, కంటి మీద కునుకు లేదు. "ఆడాళ్ళందరికీ ఉండేదే," అనేవాడు భర్త ఉమామహేశ్వరం, ఫ్యాను తన వైపు తిప్పుకుంటూ. చివరికి ఆమె ఒక్కతే బస్సెక్కి కాకినాడ వెళ్ళింది. డాక్టరమ్మ ముట్లాగే వయసని చెప్పి, చేతికి రాసుకోమని హార్మోన్ జెల్ ఇచ్చింది. జెల్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమైపోతుందట. అలా కాకుండా మందున్న కాయిల్ లోపల వేసింది. "కొన్ని నెలలు అప్పుడప్పుడూ రక్తం మచ్చ కనపడుతుందమ్మా, పొత్తికడుపు లాగుతుంది. ఒళ్ళు అలవాటు పడాలి," అంది.

ఒళ్ళు అలవాటు పడుతోంది. ఇల్లే పడటం లేదు.

"ఈ వయసులో లూపేంటొదినా? మళ్ళీ నీళ్ళోసుకుంటావని భయమా?" అని ఆడపడుచు దుర్గాశ్రీ ఫోన్లో పకపకా నవ్వింది. నవ్వనీ. నూకరత్నానికి నిద్ర తిరిగొచ్చింది. పొద్దున్నే అద్దంలో కనపడే మనిషి మళ్ళీ తెలిసిన మనిషిలా ఉంది.

ఆ మధ్యాహ్నం పులుసు కలుపుకుంటూ ఉమామహేశ్వరం అన్నాడు. "పౌర్ణమికి మేడ మీద కొత్త గదికి వ్రతం పెట్టుకున్నాం. ఆలోపు ఆ కాయిల్ తీయించెయ్యి. అసలు గర్భసంచే తీయించేస్తే పీడా పోద్ది. ఆస్పత్రిలో మాట్లాడొచ్చేను కూడా."

"ఎవరి సంచి గురించి మాట్లాడొచ్చేరండీ?"

"వెటకారమొద్దు. ఇంకాస్త పులుసెయ్యి."

నూకరత్నం అక్కని కూడా ఇలాగే, ఆమెని అడక్కుండా అత్తింటివాళ్ళు మాట్లాడొచ్చి, సంచి తీయించడానికి తీసుకెళ్ళారు. యానాం బస్టాండులో కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "పాలు తోడెయ్యడం మర్చిపోకే," అంది అక్క. అదే ఆఖరి మాట. ఆపరేషన్ బల్ల మీంచి అక్క లేవలేదు. తెల్లారేసరికి పెరుగు మాత్రం గట్టిగా తోడుకుంది.

గరిటె గిన్నెలో పడేసి, "నేను తీయించను," అంది నూకరత్నం. కోపం రెండు రోజుల్లో అదే చల్లారుతుందిలే అనుకున్నాడతను.

ముందు రోజు కనపడిన మచ్చ వ్రతం నాటి పొద్దున మళ్ళీ కనపడింది. స్నానాల గదిలో గోడకి ఆనుకుని నిలబడిపోయిందామె. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి నెలా అత్తగారి ముందుకెళ్ళి తనే చెప్పుకుంది. ఎవరూ చూసి కనిపెట్టింది లేదు. తన మీద తనే నేరం మోపుకుని, తనే వెళ్ళి మూల కూర్చుంది. ఇవాళ చెప్పకపోతే ఎవరికీ తెలీదు. కానీ దాస్తే అది నేరమని తనూ ఒప్పుకున్నట్టే. నిద్ర తిరిగొచ్చినందుకు తానెందుకు దొంగలా తిరగాలి?

మేడ మీద గది నిండా చుట్టాలు. పంతులుగారు కలశం సర్దుతున్నారు. అత్తగారు చెవి దగ్గరకొచ్చి, "ఏమే, శుభ్రమేనా?" అంది.

"లేదత్తయ్యా. నిన్నటి నుంచీ ఉంది." గట్టిగానే చెప్పింది. చుట్టాలంతా ఇటు తిరిగారు. "మోకాళ్ళ నొప్పులని నిన్న ప్రసాదం రవ్వ నన్నే వేయించమన్నారు. అప్పుడు అడగలేదేం?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. ఉమామహేశ్వరం మొహం కందగడ్డయింది. "నలుగుర్లో ఏంటా మాటలు? కిందకి నడు," అన్నాడు పళ్ళ బిగువున.

నూకరత్నం నడిచింది, పీటల దగ్గరికి. కూర్చుని కుచ్చిళ్ళు సర్దుకుంది. పొత్తికడుపు కొద్దిగా లాగింది, లాగనిచ్చింది. ఖాళీగా ఉన్న పక్క పీట వైపు ఒకసారి చూసింది.

"మొదలెట్టండి పంతులుగారూ. ఆయనొస్తే కూర్చుంటారు. రాకపోతే ఆ పీట తీసేద్దాం."