పావు మూడు

లోటార్ వెంట్సెల్ ఆ శనివారం పొద్దున్నే లేచి కారు కడిగాడు. ముందురోజు సాయంత్రం కూడా కడిగాడు. డ్రెస్డెన్ చూడవచ్చిన విదేశీయులను సొంత కారులో కోటలకూ పాత పట్నాలకూ తిప్పి తీసుకురావడమే అతని బతుకుతెరువు. ఏ రాజుకు ఎందరు ఉంపుడుగత్తెలో, ఏ రాణి ఎవరిమీద అలిగిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తెలియనిచోట కల్పించి చెబుతాడు. ఇన్నేళ్లలో ఒక్కరూ పట్టుకోలేదు గనక తన అబద్ధాలన్నీ ఈపాటికి చరిత్ర అయిపోయి ఉంటాయని అతని ధైర్యం.

ఈసారి కారెక్కబోయేది విదేశీయురాలు కాదు, కాబోయే వియ్యపురాలు. కూతురు యూడిత్ పెళ్లాడబోతున్న ఓలే వాళ్లమ్మ, గేసా హార్మ్స్. హాంబుర్గ్‌లో మందుల షాపు నడుపుతుంది. భర్త పోయి చాలాకాలమైంది. లోటార్ భార్య పోలేదు గాని, లైప్‌జిగ్‌లో ఇంకొకరి ఇంట్లో హాయిగా ఉంది. అంచేత వియ్యాలవారి మర్యాదలన్నీ అతని ఒక్కడి నెత్తినే పడ్డాయి.

యూడిత్ తండ్రిని వంటింట్లో నిలబెట్టి ముందే చెప్పింది.

"నాన్నా, సాయంత్రానికల్లా మీరిద్దరూ ‘నువ్వు’ అనుకునేలా అవ్వాలి. పెళ్లిలో కూడా ‘మీరు, మీరు’ అనుకుంటూ ఉంటే నేను తలెత్తుకోలేను."

"అదెంత పనే. రాజుల ఊసులు నాలుగు చెబితే మధ్యాహ్నానికే కరిగిపోతుంది."

"నువ్వు తొందరపడి అనేయకు. ఆవిడ చాలా పద్ధతి మనిషి."

ఆ సంగతి లోటార్‌కు ఒకరు చెప్పాలా? ‘నువ్వు’ అనే చనువు లాక్కునేది కాదు, ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వాలి. ఆడమనిషి ఇస్తే మగవాడు పుచ్చుకోవాలి. అమ్మ నేర్పిన మర్యాద అది. ఆవిడ ఇవ్వకపోతేనో? రేపు మనవలు పుట్టాక కూడా హాంబుర్గ్‌లో ఆ ఇంటి గుమ్మంలో ‘వెంట్సెల్ గారు’గానే నిలబడాలి, బూట్లు విప్పాలో అక్కర్లేదో తెలియక. ఉన్న ఒక్క కూతురింట్లో తాను చుట్టపుచూపు మనిషి అయిపోతాడు. ఆ భయంతోనే కారు రెండోసారి కడిగాడు.

దారిపొడుగునా రేడియోలో వార్తలు చదివేవాడిలా మాట్లాడాడు. తమ సాక్సనీ ప్రాంతపు యాస అంటే దేశమంతా నవ్వుతుంది, అందుకని దాన్ని ఇంట్లోనే వదిలి బయలుదేరాడు. మైసెన్ కొండమీద కోట చూపిస్తూ, తనకు బాగా కలిసొచ్చిన కథ ఎత్తుకున్నాడు.

"బంగారం చేస్తానన్నవాణ్ని రాజు పట్టుకొచ్చి బంధించాడండీ. వాడు చేయలేక చేయలేక చివరికి పింగాణీ చేశాడు."

"మరి వదిలేశారా పాపం?"

"లేదండీ. అంత పనికొచ్చేవాణ్ని ఎవరు వదులుతారు?"

ఆవిడ పెదవులు కొద్దిగా కదిలాయి. నవ్వే అయి ఉంటుందని లోటార్ లెక్క వేసుకున్నాడు. కారెక్కాక ఆవిడ అతనివైపు తిరిగి, గొంతు సవరించుకుని, "వెంట్సెల్ గారూ..." అంది. ఇదిగో ‘నువ్వు’, అనుకున్నాడు లోటార్. వచ్చేస్తోంది.

"కాస్త ఆ కిటికీ వేస్తారా?"

వేశాడు. వేసి, తన మొహం అద్దంలో చూసుకున్నాడు. సంబంధం ఖాయమవుతుందో లేదో అని ముస్తాబై కూర్చున్న పెళ్లికూతురి మొహం అది, మీసాలొక్కటే ఎక్కువ.

మోరిట్స్‌బుర్గ్ కోట దగ్గర భోజనమయ్యాక ఆవిడ చెరువు గట్టున ఒంటరిగా కాసేపు నడుస్తానంది. అక్కడి గులాబీరంగు చిన్న మేడలోకి గైడు వెంట, పదిమందికి మించకుండా వెళ్లాలి. ఆ టికెట్ల కోసం లోటార్ తెలిసినవాళ్లందర్నీ బతిమాలుకున్నాడు. ఈరోజు ప్రదర్శనలో పతాక సన్నివేశం అదే.

"పావు మూడుకి ఆ లైట్‌హౌస్ దగ్గరుండండి. గైడు ఎవరికోసమూ ఆగదండీ."

"లైట్‌హౌసా? ఈ చెరువుకా?"

"రాజులు ఇక్కడ ఉత్తుత్తి ఓడ యుద్ధాలు ఆడుకునేవారండీ."

"మా ఊళ్లో ఇంతకంటే ఎక్కువ నీళ్లు వాన కురిస్తే రోడ్డుమీదే నిలుస్తాయి," అని ఆవిడ వెళ్లిపోయింది.

లోటార్ చెప్పిన వేళకు ముందే వచ్చి నిలబడ్డాడు. ఆవిడ రాలేదు. గైడు జనాన్ని లెక్కపెట్టుకుంది, అతనివైపు జాలిగా చూసింది, లోపలికెళ్లి తలుపు వేసేసింది. బాతులు ఒడ్డుకొచ్చి అతని చేతులకేసి చూసి, ఏమీ లేదని వెళ్లిపోయాయి. నిలబడ్డకొద్దీ లోటార్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. కావాలనే చేసింది. కారు డ్రైవరే కదా, నిలబడతాడులే అనుకుంది. అసలు ఈ పడమటి జర్మనీవాళ్లే ఇంత.

చివరికి ఆవిడ చేతిలో చిన్న పొట్లంతో, తీరుబడిగా నడుచుకుంటూ వచ్చింది.

"వేళకే వచ్చాను కదండీ."

"వేళకా? అరగంట లేటొచ్చి వేళకంటావేంది నువ్వు? తలుపేసుకుని పోయింది ఆ గైడమ్మ. ఈడ నిలబడి నిలబడి నా కాళ్లు పడిపోతుంటే, నువ్వేమో కేకులు కొనుక్కుంటన్నావా?"

యాస మొత్తం కట్టలు తెంచుకుని వచ్చేసింది. ఆ వరదలో కొట్టుకొచ్చిన మాట ఏమిటో లోటార్ చెవికి ఆలస్యంగా అందింది. నువ్వు. ఒకసారి కాదు, రెండుసార్లు. తిట్టేటప్పుడు తప్ప పరాయివాళ్లనెవరూ అలా అనరు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "పావు మూడు అన్నది నువ్వే కదా. పావు తక్కువ మూడుకి వచ్చాను."

"పావు మూడంటే రెండుంపావు."

"ఏ దేశంలో?"

"ఈ దేశంలోనే. మూడో గంటలో పావు నడిచిందని."

"అలాగని ఎవరంటారు?"

"‘అర మూడు’ అంటే రెండున్నర అని మీ హాంబుర్గ్‌లోనూ అంటారుగా. మూడో గంటలో అర నడవొచ్చు గాని, పావు నడవకూడదా?"

ఆవిడ వేళ్లమీద లెక్క వేసుకుంది. బెంచీమీద కూర్చుని పొట్లం విప్పింది. మూడు పొరల డ్రెస్డెన్ కేకు, రెండు ముక్కలు. రెండోది ఎవరికోసమో తెలిశాక లోటార్ కోపం నీరుగారిపోయింది. అతనూ కూర్చున్నాడు.

"క్షమించండి హార్మ్స్ గారూ. నోరు జారింది."

"ఇచ్చింది వెనక్కి లాక్కుంటావా? పొద్దుట్నుంచి ఇదెప్పుడిస్తావా అని కూర్చుంటే."

"నేనివ్వడమేంటండీ, ఇవ్వాల్సింది మీరు. ఆడమనిషి కదా."

"నువ్వు నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా ఇంట్లో పెద్దవాళ్లే ఇవ్వాలి. నేను ముందుపడితే, పడమటినుంచి వచ్చీ రాగానే పెత్తనం మొదలెట్టింది అనుకోవా?"

అనుకునేవాడే. అనుకోవడంతో ఆగకుండా బీరు తాగేచోట నెలరోజులు అందరికీ చెప్పేవాడు. లోటార్ ఆ సంగతి దాచకుండా ఒప్పుకున్నాడు. ఆవిడ ఈసారి పళ్లు కనబడేలా నవ్వింది.

ఫ్లాస్కులో కాఫీ ఉంది. చనువు పుచ్చుకునేవాళ్లు చేతిలో చెయ్యి మెలేసి తాగడం ఆచారం కదా అని వీళ్లూ మెలేశారు. సారా అయితే గుటకలో పోయేది, కాఫీ మాత్రం లోటార్ ఇస్త్రీ చొక్కామీద సగం ఒలికింది.

"గేసా," అందావిడ.

"లోటార్," అన్నాడతను.

ఆవిడ నీళ్లకేసి చూస్తూ చెప్పింది. "మా అత్తగారు చనిపోయేదాకా నన్ను ‘మీరు’ అనే పిలిచింది. కడసారి చూడటానికి శవపేటిక దగ్గరికి వెళ్తే నా నోటికీ ‘మీరు’ అనే వచ్చింది. కోడలొస్తే అలా ఉండకూడదనుకున్నాను. యూడిత్ మొదటిరోజు కంగారుగా ‘మీరు’ అంది, నేనూ అలాగే అన్నాను. ఏడాది గడిచింది. ఇక ఎలా మార్చాలో తెలియడం లేదు."

లోటార్ చేతిలో కేకు ముక్క పొట్లంలో పెట్టేశాడు. ఏడాదిగా కూతురు ఆ ఇంటికి వెళ్లి వస్తోంది. ఒక్కమాట చెప్పలేదు. వంటింట్లో నిలబెట్టి అడిగింది తండ్రికోసం కాదు, తనకోసం. మూడువందల ఏళ్ల కిందటి రాణుల అలకలు తెలిసిన పెద్దమనిషికి, ఇంట్లో పిల్ల మొహం చదవడం రాలేదు. అతనికి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ దుఃఖం వచ్చింది.

"అది నాలాంటిదే. ఎవరో ఒకరు ఇచ్చేదాకా నిలబడే ఉంటుంది," అన్నాడు.

సాయంత్రం ఇంటి తలుపు యూడిత్ తీసింది. వెనక టేబుల్‌మీద మంచి పింగాణీ కప్పులన్నీ తీసి పెట్టి ఉన్నాయి.

"రండి హార్మ్స్ గారూ. ఎలా ఉన్నాయండీ కోటలు?"

"నన్ను గేసా అను," అంది ఆవిడ గుమ్మంలోనే. "నువ్వు అను. ఎప్పుడో చెప్పాల్సింది, తప్పు నాది."

యూడిత్ చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు నిండిపోయాయి. గేసా లోపలికి వచ్చి దగ్గరికి తీసుకుంటే, యూడిత్ ఆమె భుజం మీదుగా తండ్రికేసి చూసింది. అతని చొక్కామీద కాఫీ మరక చూసింది.

"నాన్నా, ఏం చేశావు నువ్వు?"

"ఏం లేదే," అన్నాడు లోటార్ బూట్లు విప్పుకుంటూ. "తిట్టాను."