కంటికందని మర

ప్రచండభానుకిరణసంతప్తములగు నల్లమల శిఖరములు ధూసరవర్ణముఁ దాల్చి వైశాఖమధ్యాహ్నమున నిశ్చలముగ నిలిచియుండెను. ఆకు రాల్చిన వెదురుపొదలు వడగాలి సోకినప్పుడెల్ల కరకర ధ్వనించుచుండెను. పక్షులు సైతము కూయుట మాని కొండచఱియల నీడల నొదిగియుండ ఆ కనుమదారిమీద ఒక పాతకారు మాత్రము రొప్పుచు రోజుచు మలుపు వెంబడి మలుపుగ నెక్కుచుండెను.

దానిని నడపునది మందాకిని యను పశువైద్యురాలు. ఆమె ప్రక్కన కూర్చుండి పైటచెఱగును వ్రేళ్లకు చుట్టుచు విప్పుచు క్షణమైన నిలుకడలేక దారి వంక చూచుచున్నది ఓబులమ్మ. కొండకావలి పల్లెలో పాడియే యేకాధారముగ బ్రదుకు నొంటరి మనిషి. తన యెనుము వేకువ మొదలు ఈనలేక పొరలాడుచుండుటచే ఉదయపు బస్సులో కొండ దిగివచ్చి వైద్యురాలిని వెంటబెట్టుకొని పోవుచుండెను. దూడ తల వెనుకకు మడిగినదని యామె చెప్పిన లక్షణములనుబట్టియే మందాకిని గ్రహించెను. అట్టి యవస్థలో జాగు చేసిన దూడయే కాదు తల్లియు దక్కదు.

కొండ నడుమ ఎట్టి సూచనయు లేక ఇంజిను ఠక్కున నాగెను.

ఇది క్రొత్త వ్యాధి కాదు. ఇంజిను తిరుగుడును కనిపెట్టి నిప్పురవ్వ పుట్టవలసిన యదను తెలుపు సెన్సరను చిన్నపరికరము జీర్ణించి వేడెక్కినతోడనే మూగవోవుచుండెను. చల్లారిన మరల పనిచేయుచుండెను. క్రొత్తదానిని మందాకిని కొని పనిముట్లతో గూడ బండిలోనే యుంచినది. కాని పాతది ఇంజినునకును వెనుకనున్న యినుపగోడకును నడుమ గేరుపెట్టె నెత్తిన దృష్టికి గోచరింపని యిఱుకున నుండుటచే మెకానిక్కు మస్తాను ఇంజిను దింపక తీఱదనియు కొన్నిదినములు బండి నప్పగింపవలయుననియు చెప్పెను. ఊరూర పశువులు రోగపీడితములై యుండ బండి విడిచియుండుట కామెకు వీలుపడదయ్యె.

బానెట్టెత్తి చల్లార్చి తాళము త్రిప్పగా కారు కదలెను. మఱుమలుపు దాటకమున్నే మరల నాగెను. సెల్‌ఫోనునకు సంకేతమందదు. సాయంకాలపు బస్సు దక్క ఆ దారి నన్యవాహనము రాదు. ఓబులమ్మ దిగి నాలుగడుగులు ముందునకు నడచును, తిరిగివచ్చును, మరల నడచును.

“నడిచి పోదామా తల్లీ? నా ఎనుము ఈ పాటికి కండ్లు తేలేసుంటాది.”

“నడిస్తే చీకటి పడతాది అక్కా. ఇక్కడ్నే దీని సంగతి చూస్తా. ఆ నీళ్లసీసా ఇట్టియ్యి.”

మందాకిని గాజులు తీసి బ్యాటరీతీగ నూడదీసి గాలిగొట్టమును దాని పెట్టెను తొలగించి దారిచేసికొని తడిగుడ్డను మోచేతివఱకు చుట్టుకొని కాగిన లోహములనడుమ చేయి దూర్చెను. గుడ్డ పొగలు క్రక్కెను. తీగ కొసనున్న క్లిప్పును పిదప దాని క్రింది యొంటిబోల్టును వ్రేళ్లకు దొరకెను. స్పానరు రవంత తిరుగును, తీసి మరల తగిలింపవలెను. ఎట్టకేలకు బోల్టు వదులై చేతికి వచ్చునంతలో చెమటవ్రేళ్లనుండి జాఱి టింగున మ్రోగి యదృశ్యమయ్యెను.

ఓబులమ్మ మండుచున్న రోడ్డుమీదనే వెల్లకిల పరుండి కారుక్రింద దూరెను.

“ఉండాది తల్లీ! ఈ రేకు మింద కూకోనుండాది!”

ఏండ్ల జిడ్డుతో కఱచుకొనియున్న పాత సెన్సరు కదలదయ్యె. గుంజి లాగిన విఱుగును. విఱిగిన ముక్క లోపల నిలిచిన నిక చేయగలిగినది లేదు. మనస్సు లాగుమని తొందరింప చేయి నిదానింపుమని వారించుచుండెను. ఆమె కన్నులు మూసికొని దానిని అటునిటు మెల్లమెల్లన త్రిప్పసాగెను.

“కండ్లు మూసుకున్యావేం తల్లీ?”

“చూసేదానికేముందక్కా, చెయ్యే చూస్తాంది.”

అది వచ్చినది. క్రొత్తది దాని గూటిలో నొదిగినది. తీసినవన్నియు బిగించి తాళము త్రిప్పగా ఇంజిను గొణిగి యొక్కసారి గర్జించెను. మిగిలిన దారియంతయు మందాకిని ప్రతిమలుపునందును ఆ ధ్వనికి చెవియొగ్గియే నడపెను.

పొద్దు వాలువేళకు పల్లె చేరిరి. ఇంజిను నాపుట కామెకు ధైర్యము చాలలేదు. కారును వాకిట మ్రోగుచుండనిచ్చి పాకలోనికి పరుగెత్తెను. బొబ్బలెక్కిన ముంజేతికి నూనె పూసికొని అర్ధనిమీలితనేత్రయైన యెనుము గర్భములోనికి చేయి చొప్పించి మడిగిన తలను నిదానముగ దారికి త్రిప్పి నొప్పి వచ్చినప్పుడెల్ల లాగి దూడను బయటికి తెచ్చెను. అది కదలలేదు. ఓబులమ్మ దాని ముక్కుపుటముల జిగురు తుడిచి గడ్డిపరక దూర్చెను. మందాకిని ఱొమ్ము రుద్దుచుండెను. చాలసేపటికి దూడ తుమ్మెను.

ఓబులమ్మ కన్నీరు తుడుచుకొని నవ్వెను. “కారింకా అరుస్తానే ఉండాది తల్లీ. ఇంక ఆపు.”

మందాకిని వెలికివచ్చి కారులో కూర్చుండి తాళముపై చేయి వైచెను. కార్యము ఫలించిన మాత్రమున భయము శాంతింపదు. దానిని వేఱుగ నణచుకొనవలయును. ఆమె తాళము త్రిప్పి యాపెను, మరల త్రిప్పెను, ఇంజిను పలికెను, మరల నాపెను.

అప్పుడు వాకిట నలముకొన్న నిశ్శబ్దములో తల్లి తన బిడ్డను నాకుచున్న సవ్వడి పాకనుండి స్పష్టముగ వినవచ్చెను.