మా ఇంటి ఉదాహరణలు

తడి తువ్వాలు కుర్చీ మీద వేయొద్దని మా అత్తగారు చెప్పడం ఆ ఉదయానికి అది మూడోసారి. మా కళ్ళజోళ్ళ దుకాణానికి బయలుదేరే హడావిడిలో మామగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "విన్నానే" అన్నారు. తువ్వాలు మాత్రం కుర్చీ దిగలేదు.

"మీకు వినిపించింది. మీరు వినలేదు. రెండూ ఒకటి కాదు" అన్నారు అత్తగారు.

ఆయన గుమ్మం దాటగానే నోటుబుక్కు తెరిచి హియర్‌కీ లిజన్‌కీ తేడా రాసుకున్నారు. కింద ఉదాహరణ కూడా ఇంగ్లీషులోనే: నా భర్త హియర్ చేస్తారు, లిజన్ చేయరు. డు నాట్ అని రాసినచోట డజ్ నాట్ అని దిద్దాను. నా అభ్యంతరం అంతవరకే.

అరవై రెండో ఏట అత్తగారు వీధి చివరి లైబ్రరీలో ఆడవాళ్ళ ఇంగ్లీషు క్లాసులో చేరారు. ఏడాది అయింది. అక్కడి టీచరు ఊరు మారిపోతూ, శనివారం మీరొక పాఠం చెప్పండి, అందరికీ నచ్చితే ఇకమీదట క్లాసు మీదే అన్నారట. ఆ రోజు నుంచి వంటింటి తలుపే అత్తగారికి నల్లబల్ల. ఆవిడ ఒకటి ఇంతగా కోరుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆవిడ పద్ధతిలో ప్రతి జంటపదానికీ మా ఇంట్లోవాళ్ళే సాక్షులు. సీ, లుక్: అబ్బాయికి, అంటే మావారికి, ఉప్పు డబ్బా కనబడదు, ఎందుకంటే చూడడు. బారో, లెండ్: కోడలి పెన్ను అబ్బాయి బారో చేస్తాడు, కోడలు లెండ్ చేసింది మాత్రం లేదు. నాకూ ఒక పేజీ ఉంది: కోడలు హెల్ప్ చేయదు, కరెక్ట్ చేస్తుంది. అది చదివి, కామా లేనిచోట కామా పెట్టి ఊరుకున్నాను.

తువ్వాలు గొడవ జరిగిన ఆ మధ్యాహ్నమే క్లాసులో ఆ కొత్త ఉదాహరణ చదివితే అందరూ పడీపడీ నవ్వారట. మర్నాడు, అంటే గురువారం సాయంత్రం, మామగారు ముఖం గంటు పెట్టుకుని వచ్చారు. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "లిజన్ చేయనిది మీరేనాండీ?" అని అడిగిందట. నలభై ఏళ్ళుగా నలుగురి చూపూ సరిచేస్తున్న మనిషిని చెవుల గురించి అడగడమేమిటని ఆయన బాధ. శనివారం పాఠంలో ఇంటివాళ్ళ ఊసే ఉండకూడదన్నారు.

అత్తగారు సరేనన్నారు. శుక్రవారం పొద్దున పుస్తకంలోని ఉదాహరణలే పట్టుకుని తలుపు ముందు నిలబడ్డారు. అందులో ఒక జాలరి సముద్రపు హోరు వింటుంటాడు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయారు. మూడోసారి సుద్దముక్క కింద పెట్టేశారు.

"ఈ జాలరి ఎవరో నాకు తెలియదమ్మా. వాడు విన్నాడో లేదో నేనెలా చెప్పను? రేపు రాలేనని కబురు పంపేస్తాను."

మధ్యాహ్నం మామగారు, మావారు దుకాణం నుంచి భోజనానికి వచ్చారు. అత్తగారు వడ్డిస్తున్నారు. కబురు సంగతి నేనే చెప్పాను. మామగారు కాసేపు అన్నం కెలికి, ఎడమచేత్తో నోటుబుక్కు లాక్కున్నారు. కంటి అద్దానికి గీత ఉందేమోనని వెతికినట్టు ఒక్కో పేజీ తిప్పారు.

"ఇందులో అందరం ఉన్నాం. నువ్వెక్కడ?" అన్నారు.

అత్తగారి గరిటె గాలిలో ఆగింది.

"రాసుకో. రిమైండ్, రిపీట్. ఒకసారి చెబితే రిమైండ్. మూడోసారికి రిపీట్. ఉదాహరణ, నువ్వే."

మావారికి పొలమారింది. అత్తగారు నవ్వలేదు, కోపగించుకోలేదు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో పేర్చుకుంటున్నట్టు పెదవులు కదిపారు. బాగానే కుదిరినట్టుంది, గరిటె గిన్నెలో పెట్టి వచ్చి కూర్చున్నారు.

"మీరన్నది న్యాయమే. నన్నొక్కదాన్నీ వదిలేసి అందరినీ నిలబెట్టాను" అన్నారు.

మామగారు నోటుబుక్కు ఆవిడ వైపు జరిపారు.

"కబురు పంపడం లేదు. రేపు వెళ్తున్నాను" అన్నారు అత్తగారు కంచంలో అన్నం పెట్టుకుంటూ. "పాఠం నాతోనే మొదలు. ముందు నన్ను చూసి నవ్వనివ్వండి. మీరందరూ ఆ తర్వాత వరసగా వస్తారు."